పచ్చ దిగే దారి

ఉట్నూరు,
9 జూలై 1961

పూజ్యులైన బావగారికి మీ బామ్మర్ది రామచంద్రం నమస్కరించి రాస్తున్నాను.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. బడి కప్పు కారుతున్నది. పిల్లలు కారని చోట కూర్చుంటున్నారు, నేను కారే చోట నిలబడి చెప్తున్నాను. మిగతా అంతా క్షేమమే.

మా హెడ్మాస్టరు గారు ఈ ఏడు నా దగ్గరినుంచి లెక్కలు తీసేసుకొని శరీరశాస్త్రం ఇచ్చినారు. నేను చదివింది లెక్కలు గదా అని మొత్తుకున్నాను. "శరీరం ఉన్నది గదనయ్యా నీకు, చెప్పు" అన్నారు. అందుకని చెప్తున్నాను.

ప్రస్తుతం కాలేయం దగ్గర ఆగి ఉన్నాను. మనం కార్జం అంటామే, అదే. పుస్తకంలో బొమ్మ ఉంది గానీ అది నల్లసిరా బొమ్మ. కాలేయమో, గుట్ట మీద కమ్ముకున్న మబ్బో తెలియడం లేదు. మన రెండు కుటుంబాల్లో ఏ పండుగకు మేక తెగినా కోసేది మీరే. కోసినవాడికి కార్జం అని పెట్టుకున్న ఆనవాయితీ కూడా మీరు పెట్టుకున్నదే. కాబట్టి ఒక సందేహం తీర్చండి. కార్జానికి ఆకుపచ్చని చేదు తిత్తి ఒకటి వేలాడుతుంది కదా, అది ఏ పక్కన ఉంటుంది? దాని నుంచి గొట్టం ఎక్కడికి పోతుంది?

నాకు అర్థమైనంత వరకు కాలేయం మన పాత కరోడ్‌గిరి నాకా, అదే సరుకు ఆపి సుంకం వసూలు చేసే చౌకీ, వంటిది. తిన్నదాంట్లోని సారం పేగుల నుంచి రక్తంలో కలిసి నేరుగా గుండెకు పోదట. ముందు నాకా దగ్గర ఆగాలి. మంచిదాన్ని పోనిస్తుంది, దాచవలసింది దాచుకుంటుంది, విషం ఉంటే విరుస్తుంది. ఒంట్లో పుట్టే ఒక రకం విషాన్ని యూరియాగా మార్చి మూత్రపిండాలకు అప్పజెప్తుంది, అవి మూత్రంలో పంపేస్తాయి. ఇక రక్తం పాతబడి విరిగితే పచ్చరంగు ఒకటి పుడుతుంది. దాన్ని పైత్యరసంలో కలిపి పేగులోకి దింపుతుంది. మనం చెంబు పట్టుకొని పోయినప్పుడు కనబడే రంగు అదేనట. నేను ఇన్నేళ్లూ అది పప్పు రంగు అనుకున్నాను.

బోనాల విందు తర్వాత మీకు కుడి డొక్కలో నొప్పి వచ్చి మెలికలు తిరిగినారని అనసూర్యక్క రాసింది. కరీంనగర్ డాక్టరు ఇచ్చిన సీసా మందు తాగండి. అంతకన్నా ముందు రాజయ్య చెట్టు కిందికి పోవడం మానండి. పొద్దూ మాపూ అంత కల్లు దించితే ఏ నాకా తట్టుకుంటుంది?

అక్కకు నమస్కారాలు.

మీ విధేయుడు,
రామచంద్రం


చొప్పదండి,
20 జూలై 1961
(మొదటి కార్డు)

చిరంజీవి రామచంద్రానికి బావ లింగమూర్తి దీవెనలు. నీ ఉత్తరం మీ అక్క ఎప్పటిలాగే వాకిట్లో కూర్చొని గట్టిగా చదివింది. అందులో "మీరు, మీరు" అని ఉండేసరికి ఇంటికి ఎవరో పెద్దమనిషి వచ్చినాడనుకొని నేను తలకు రుమాలు చుట్టుకున్నాను. ఇక్కడ ఉన్నప్పుడు నువ్వు నన్ను "ఓ బావా, ఇటు రా" అనేవాడివి. ఉద్యోగం మనిషిని ఇంత పాడు చేస్తుందనుకోలేదు. నా కార్జం యూరియా తయారుచేస్తుందని రాసినావు. మా గ్రామసేవకుడు అదే యూరియా కోసం దరఖాస్తు పెట్టమని వెంటపడుతున్నాడు. ఇంట్లోనే తయారవుతున్నదని చెప్పి పంపించినాను. నీ ఉత్తరం విన్నవాళ్లలో రాజయ్య కూడా ఉన్నాడు. పాపం చిన్నబుచ్చుకున్నాడు. అయినా చిన్నవాడివి చెప్పినావు, మంచికే చెప్పినావు. మీ అక్క మొఖం కూడా చూసినాను. ఇక జన్మలో కల్లు (రెండో కార్డు చూడు)


(రెండో కార్డు)

ముట్టనని ఎల్లమ్మ తల్లి మీద ఒట్టు వేసినాను. ఆ సంగతి అయిపోయింది. ఇక నీ సందేహం. కార్జానికి కుడి రెక్క పెద్దది, ఎడమది చిన్నది. చేదు తిత్తి కుడి రెక్క లోపలి పక్కన వేలాడుతుంది. చిన్న దోసపిందె అంత ఉంటుంది. దానికి అంటుకున్న కార్జం కొంచెం వదిలేసుకొనైనా దూరంగా కోయాలి. ఆశపడి దగ్గరగా కోస్తే పగులుతుంది. పగిలితే ఆ విందుకు వచ్చినవాళ్లు మనల్ని బతికినంత కాలం యాదిలో పెట్టుకుంటారు. తిత్తి నుంచి దారమంత గొట్టం పేగులోకి పోతుంది. ఆ గొట్టాన్ని వేళ్లతో గట్టిగా మూసి పట్టుకొని కోయాలి, చుక్క కిందికి దిగొద్దు. పనితనమంతా అక్కడే. నొప్పి సంగతి అంటావా, అది గాలి. నీ బావ.


ఉట్నూరు,
14 ఆగస్టు 1961

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

మీ రెండో కార్డు అందింది. మొదటి కార్డు రాలేదు. వాగు పొంగి టపా సంచి ఒకటి కొట్టుకుపోయిందట, బహుశా అందులో ఉండవచ్చు. అందువల్ల నేను చదివిన మొట్టమొదటి మాట "ముట్టనని ఎల్లమ్మ తల్లి మీద ఒట్టు వేసినాను" అన్నది. ఏది ముట్టనని ఒట్టు వేసినారో ఊహించడానికి పెద్ద చదువు అక్కరలేదు. కరీంనగర్ డాక్టరు మందు సీసాను మీరు గోడ మీద పెట్టి చూస్తూ కూర్చున్నారని అక్క రాసింది. మందు తాగనని దేవత మీద ఒట్టు వేసిన మనిషిని నేను ఇప్పటిదాకా వినలేదు. కల్లు గురించి మాత్రం ఒక్క మాట లేదు. కానివ్వండి.

మేక సంగతులు చాలా ఉపయోగపడినాయి. నాకే కాదు, పోస్టుమాస్టరు ఖయ్యూం సాబ్‌కు కూడా. ఆయన కార్డులన్నీ చదివి ఇస్తారు. "నీ బావ కలేజా కోసే తరీఖా మస్తు రాసిండు సార్, గని మసాలా సంగతి రాయలే" అన్నారు. బావగారూ, దయచేసి ఇకనుంచి కవరు వాడండి.

ఇన్‌స్పెక్టరు గారి తనిఖీ అయింది. ఆయనకు చూపించడానికి ఖయ్యూం సాబ్ ద్వారా మేక కార్జం తెప్పించి పళ్లెంలో పెట్టి, మీరు చెప్పినట్టు తిత్తి, గొట్టం అన్నీ పిల్లలకు చూపించినాను. ఇన్‌స్పెక్టరు గారి జీపు వాగు దగ్గర ఆగిపోయి ఒక పూట ఆలస్యమైంది. ఈలోగా మా అటెండరు గంగారాం, వస్తువు చెడిపోతుందని దిగులుపడి, ఉప్పూ కారం పట్టించి నిప్పుల మీద కాల్చినాడు. ఇన్‌స్పెక్టరు గారు రుచి చూసి, పాఠ్యపరికరాల వినియోగం సంతృప్తికరంగా ఉందని రాసిపోయినారు.

ఇట్లా మళ్లీ జరగకుండా నిర్మల్‌లో బొమ్మలు చేసేవారికి కొయ్య కార్జం ఒకటి చేసిపెట్టమని పురమాయించినాను. కొయ్యది కాబట్టి గంగారాం ముట్టడు.

మీరు మాత్రం మందు ముట్టండి.

మీ విధేయుడు,
రామచంద్రం


చొప్పదండి,
10 సెప్టెంబరు 1961
(కార్డు)

చిరంజీవి రామచంద్రానికి దీవెనలు. ఖయ్యూం సాబ్‌కు సలాం. మసాలా సంగతి: మిరియాలు, ఉప్పు, అంతే. ఎక్కువ వేస్తే కార్జం రుచి పోతుంది.

నా ఒట్టు గురించి నువ్వు రాసింది విన్నాను, మధ్యలో తన పేరు వచ్చిన వరసలు మాత్రం మీ అక్క మింగేసి చదివింది. నేను వేసింది నిజం, నిలబెట్టుకుంటున్నది నిజం. మెచ్చుకుంటావనుకున్నాను. నీకది తప్పుగా కనబడితే ఇక నేను ఏమీ అనను.

నాకు కామెర్లు అయినాయి. కండ్లు పచ్చబడితే మీ అక్క చూసి ఏడ్చింది. భయం లేదు. మన పసరు వైద్యం హనుమండ్లు దగ్గర దింపించుకుంటున్నాను. ఆదివారం ఆదివారం పరగడుపున పోవాలి. కంచు పళ్లెంలో నా చేతులు పెట్టించి, ఏదో చెట్టు పట్ట రసం పోసి, సున్నం రాసి కడుగుతాడు. నీళ్లు పచ్చగా దిగుతాయి. కండ్లారా చూస్తున్నాను. ఒంట్లో ఇంత పచ్చ ఉందా అని నాకే ఆశ్చర్యంగా ఉంది. పథ్యం గట్టిది. నూనె లేదు, పసుపు లేదు, పప్పు లేదు. పచ్చటిది ఏదీ కంటికి కూడా కనబడకూడదు. మీ అక్క పచ్చ అంచు చీరను పెట్టె అడుగున పెట్టింది. పక్కింటి యాదవ్వ పసుపు రాసుకొని వస్తే వాకిట్లోనే ఆపేసింది. నీ బావ.


ఉట్నూరు,
20 సెప్టెంబరు 1961

బావగారికి నమస్కారాలు.

కామెర్ల సంగతి చదివి నా మనసు మనసులో లేదు. దానికి కారణం ఏమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. రోజూ సాయంత్రం మీరు రాజయ్య చెట్టు కిందికే పోతున్నారని అక్క రాసింది. ఏళ్ల తరబడి కల్లు పోస్తే కాలేయం గట్టిపడిపోతుంది. నాకా మూతపడితే పచ్చరంగు రక్తంలోనే తిరుగుతుంది. ఇది నేను ఏడో తరగతి పిల్లలకు చెప్తున్నాను, వాళ్లు వింటున్నారు. మా ఇంట్లోనే వినేవారు లేరు.

హనుమండ్లు పళ్లెం కట్టిపెట్టి కరీంనగర్ దవాఖానకు పోండి.

నిర్మల్ నుంచి కొయ్య కార్జం వచ్చింది. రంగులు అద్భుతంగా వేసినారు. కాకపోతే చేసినాయన ఇన్నాళ్లూ మామిడిపండ్లు, సీతాఫలాలు చేసినవాడు. చేయి అలవాటు కొద్దీ చేదు తిత్తికి ఒక తొడిమె, రెండు ఆకులు పెట్టినాడు. మా గోండు పిల్లలు దీనిని అడవిలో ఎక్కడా చూడలేదే అని ఆలోచనలో పడినారు.

మీరు నా మాట వినరని తెలుసు. అయినా రాసినాను. ఇక రాయను.

రామచంద్రం


చొప్పదండి,
20 అక్టోబరు 1961, దసరా తెల్లవారి
(కవరు)

చిరంజీవి రామచంద్రానికి దీవెనలు.

కవరు చూసి కంగారు పడకు. ఈసారి రాయబోయే సంగతి ఖయ్యూం సాబ్ చదివేది కాదు, అందుకని.

నువ్వు ఇక రాయనన్నావు. సరే, నేను రాస్తున్నాను. ఎందుకంటే శుభవార్త. నాకు నయమైపోయింది. పచ్చంతా దిగిపోయింది. ఎట్లా తెలిసిందంటావా? నువ్వే రాసినావు కదా, చెంబు పట్టుకొని పోయినప్పుడు కనబడే రంగు ఆ పచ్చరంగేనని. ఇప్పుడు ఆ రంగు లేదు. కొన్నాళ్లుగా తెల్లగా, గోడకు వేసే సున్నం ముద్దలాగా పోతున్నాను. లోపల పచ్చ అన్నది మిగలలేదన్నమాట. నీ పాఠం నాకు ఇట్లా పనికొచ్చింది. నూనె మానినాక నొప్పి కూడా తక్కువైంది. కండ్లలో మాత్రం ఇంకా ఉంది, నిజం చెప్పాలంటే కొంచెం ఎక్కువైంది. హనుమండ్లు "కండ్లల్లది ఆఖరుకు దిగుతది" అన్నాడు. ఆయన ఏదో అడిగితే "మంచిగున్న" అని చెప్తున్నాను. రంగు సంగతి ఊరి మనిషితో ఏం మాట్లాడతాం? నువ్వు దూరంగా ఉన్నావు కాబట్టి రాయగలుగుతున్నాను.

నీకు హనుమండ్లు మీద నమ్మకం లేదు గనుక ఆ చెట్టు పట్ట ముక్క ఒకటి అడిగి తెచ్చి ఇందులో పెట్టినాను. నీ శాస్త్రంలో ఏముందో చూసుకో.

ఇక మీ అక్క చేసిన పని విను. ఇంట్లో పచ్చటిది పెట్టకూడదు కదా, ఈ ఏడు బతుకమ్మకు తంగేడు పువ్వు తేనివ్వలేదు. బంతి లేదు. గుమ్మడి పువ్వు లేదు. మొత్తం గునుగు పువ్వుతోనే పేర్చింది, కింది నుంచి పైదాకా తెల్లగా. మొన్న సద్దుల నాడు తీసుకొనిపోతే వాడకట్టంతా నిలబడి చూసినారు. కొమురవ్వ నోరు ఊరుకోక "గదేం బతుకమ్మనే, ముండమోసినట్టు" అన్నది. మీ అక్క మాట పడకుండా పాట అందుకునేదే గానీ ఈసారి ఆట మధ్యలోనే వెనక్కి తిరిగింది. ఇంటికొచ్చి పడుకుంది. నాకు అది మనసుకు కష్టంగా ఉంది. వచ్చే ఏడు తంగేడు గంపల కొద్దీ నేనే తెస్తానని చెప్పినాను.

నీ బావ,
లింగమూర్తి


ఉట్నూరు,
25 అక్టోబరు 1961

బావా,

ఈ ఉత్తరం చదివిన పూటే బయలుదేరు. ఎందుకో చెప్తాను, కోపం తెచ్చుకోకుండా చదువు.

నీకు నయం కాలేదు. పచ్చ పోలేదు. ఆ రంగు రోజూ దిగవలసిందే, దిగితేనే మనిషి ఆరోగ్యంగా ఉన్నట్టు. పాతబడిన రక్తం విరిగిన కొద్దీ అది పుడుతూనే ఉంటుంది, కాలేయం దాన్ని గొట్టంలో నుంచి పేగులోకి తోస్తూనే ఉంటుంది. చెంబు దగ్గర తెల్లగా కనబడుతున్నదంటే చుక్క కూడా పేగులోకి రావడం లేదని. దిగే దారి మూసుకుంటే ఆ పచ్చ ఎక్కడికి పోతుంది? తిరిగి రక్తంలోకే. అందుకే నీ కండ్లు ఇంకా పచ్చబడుతున్నాయి. మేక కార్జం కోసేటప్పుడు గొట్టాన్ని వేళ్లతో మూసి పట్టుకుంటానని రాసినావే, చుక్క దిగొద్దని. నీ లోపల అట్లా పట్టుకున్నది ఏదో ఉంది బావా. ఇక్కడి గిరిజన సంక్షేమ దవాఖాన డాక్టరు గారిని అడిగినాను. నూనె తిన్నప్పుడల్లా నొప్పి, తర్వాత కామెర్లు, ఇప్పుడు తెలుపు అంటే చాలావరకు రాయి అయి ఉంటుందన్నారు. చేదు తిత్తిలో పుట్టి జారి గొట్టంలో ఇరుక్కుంటుందట. పసరుకు కరగదు. కోసి తీయాలి. ఆలస్యమైతే చీము పడుతుంది, కాలేయం చెడుతుంది, మనిషి దక్కడు. నీ మూత్రం చాయ్ డికాషన్ రంగులో వస్తున్నదా? ఒళ్లు దురద పెడుతున్నదా? దాచకు.

పట్ట ముక్క నానబెట్టి, రసం తీసి, సున్నం రాసి నా చేతులు కడిగి చూసినాను. నీళ్లు పచ్చగా దిగినాయి. హెడ్మాస్టరు గారివి కడిగినాను. ఖయ్యూం సాబ్‌వి కడిగినాను. ముగ్గురికీ దిగినాయి. ముగ్గురికీ కామెర్లు లేవు. హనుమండ్లును తప్పు పట్టకు. మామూలు కామెర్లు పథ్యం చేసి పడుకుంటే వాటంతట అవే తగ్గుతాయి, ఆయనకు పేరు వచ్చింది. నీది ఆ రకం కాదు.

ఇంకొకటి. నీ కవరుతోపాటు నీ మొదటి కార్డు కూడా ఇవాళే వచ్చింది. వాగు తగ్గినాక టపా సంచి దొరికిందట. సిరా అలుక్కుపోయింది గానీ చివరి వరస కనబడుతున్నది. "ఇక జన్మలో కల్లు". రెండో కార్డు తెచ్చి పక్కన పెట్టి చదివినాను. నువ్వు జూలైలోనే మానేసినావు. నేను అప్పటినుంచి నిన్ను తిడుతూనే ఉన్నాను. రాయికి, కల్లుకు సంబంధం లేదని డాక్టరు గారు అన్నారు. నాకు చాలా సిగ్గుగా ఉంది బావా. ఆ సిగ్గు తర్వాత పడతాను. ముందు నువ్వు హైదరాబాదు పెద్ద దవాఖానకు బయలుదేరు.

నీ
రామచంద్రం


చొప్పదండి,
31 అక్టోబరు 1961
(కవరు)

రామచంద్రానికి,

నీ ఉత్తరం మీ అక్క ఈసారి గట్టిగా చదవలేదు. లోపల్లోపల చదువుకొని, నా చేతిలో పెట్టి, దొడ్లోకి పోయింది. చాలాసేపు రాలేదు.

మళ్లీ "నువ్వు" అన్నావు. దానితోనే నాకు అర్థమైంది, సంగతి పెద్దదేనని.

హనుమండ్లుకు రంగు సంగతి చెప్పినాను. పళ్లెం కడిగి బోర్లించినాడు. "ముందుగాల్నే ఎందుకు చెప్పలే? గిది నా శేతిల లేదు" అన్నాడు. నువ్వు చెప్పిన రాయి గురించి మన కసాయి నిజాముద్దీన్‌ను అడిగినాను. ఎద్దులకు, ఆవులకు అట్లాంటివి పుడతాయట, వాటినే గోరోజనం అంటారట. మీ అక్క పెండ్లయిన నాటి నుంచి నాకు గోరోజనం ఎక్కువ అంటూనే ఉంది. ఆమెకు అంత ముందు ఎట్లా తెలిసిందో.

ఇక అసలు మాట. నేను రాను. నువ్వు పుస్తకంలో చదివినావు, నేను కోసినాను. ఇన్నేండ్లుగా ఎన్ని పొట్టలు తెరిచినానో లెక్కలేదు. చేయి తిరిగినవాడినే, తిత్తి ఎన్నడూ పగలనివ్వలేదు. అయినా నేను తెరిచినవాటిలో ఒక్కటీ తిరిగి లేవలేదు. ఆ బల్ల మీద నేను పడుకొని, పైనుంచి ఇంకొకడు కత్తి పట్టుకొని చూస్తాడు. వాడు నాలాగే ఉంటాడు. రాత్రింబవళ్లు అదే కనబడుతున్నది. భయమైతున్నది రామచంద్రం. ఎవరికీ చెప్పలేదు, నీకు చెప్తున్నాను.

దురద సంగతి అడిగినావు. ఉంది. మూత్రం సంగతి కూడా నువ్వు రాసినట్టే ఉంది. నాకే ఏదైనా అయితే మీ అక్కను చూసుకో.

లింగమూర్తి

తమ్మీ, నేను అనసూర్యను. గీయన రాసినంక కలం గుంజుకొని రాస్తున్న. కల్లు సంగతి నువ్వు తప్పు పట్టుకున్నవ్, నేను గూడ పట్టుకున్న. నిన్న చాటుంగ చెట్టు కిందికి పోయి సూసిన. రాజయ్య తాగుతుండు, గీయన పక్కన కూసొని ముచ్చట పెడుతుండు. గీయన ముంత బోర్లేసి ఉన్నది. దురదకు పండుతలేడు, ఒళ్లంత గీరుకొని నెత్తురు తీసుకుంటుండు. పొద్దుగాల సూస్తే దుప్పటి నిండ మరకలే. నా మాట ఇంటలేడు. నీ మాటైతే కొట్లాడుటానికన్న ఇంటడు. నువ్వు రా తమ్మీ. జల్ది రా.


ఉట్నూరు,
5 నవంబరు 1961

బావా,

సెలవు పెట్టినాను. ఇచ్చినా ఇవ్వకపోయినా వస్తున్నాను. ఎల్లుండి ఇక్కడినుంచి జీపు నిర్మల్ పోతుంది, అక్కడినుంచి బస్సులు మారి చొప్పదండికి వస్తాను. ఉత్తరం ముందు వస్తుందో నేను ముందు వస్తానో తెలియదు. ఖయ్యూం సాబ్ తన చేతులతో సంచిలో వేసినారు. "కవరు గూడ చదివిన సార్, దీపం కాడ పట్టి. మాఫ్ జెయ్. జవాబు రాకముందు నువ్వు బడికి పోయేటప్పుడు నీ మొఖం సూసి ఆగబుద్ధి కాలే" అన్నారు.

నీ భయానికి నా దగ్గర ఒక్కటే జవాబు ఉంది. నువ్వు కార్జం తీసుకోవడానికి కోసినావు. వాళ్లు కార్జం దక్కించడానికి కోస్తారు. అందుకే నీవి లేవలేదు. అక్కడివి లేస్తాయి. అన్నీ లేస్తాయని నేను అబద్ధం చెప్పను. నాకూ భయంగానే ఉంది. కానీ కోయకపోతే ఏమవుతుందో డాక్టరు గారు చెప్పినారు. నేను ఆ మాట ఇక్కడ రాయను.

రజాకార్ల గొడవప్పుడు మా ఊరినుంచి నన్ను భుజాన వేసుకొని, జొన్నచేన్ల వెంట చొప్పదండి దాకా నడిచినావు. నేను రానని ఏడ్చి, నీ వీపు కొరికినాను. నువ్వు వస్తావా రావా అని నన్ను అడగలేదు. నేను కూడా నిన్ను అడగడం లేదు.

బట్టలు సర్దిపెట్టమని అక్కకు చెప్పు.

నీ
రామచంద్రం


ఉట్నూరు,
3 డిసెంబరు 1961

పెద్ద దవాఖాన, సర్జరీ వార్డులో ఉన్న మా బావకు,

మూడు రోజుల కింద చేరుకున్నాను. నిన్ను ఆ మంచం మీద వదిలి రావడం నాకు ఇష్టం లేదు. సెలవు అయిపోయింది, ఇంకా ఉంటే ఉద్యోగం కూడా అయిపోతుందని నువ్వే గెంటినావు.

నువ్వు బల్ల మీదినుంచి లేచినావు. ఆ సంగతి ఇక్కడ అందరికీ చెప్పినాను. రాయిని దూదిలో చుట్టి తెచ్చి పిల్లలకు చూపించినాను. రేగిగింజ కన్నా కొంచెం పెద్దది, ఇంత మనిషిని పడగొట్టింది. అది ఎవరి కడుపులోనిదో చెప్పలేదు. గంగారాం చెప్పినాడు.

చేదు తిత్తి తీసేసినారు కదా, ఇకనుంచి తిత్తి లేకుండా ఎట్లా అని నువ్వు అడిగిన దానికి మళ్లీ చెప్తున్నాను. తిత్తి దాచుకునే సంచి మాత్రమే. రసం తయారుచేసేది కార్జం. సంచి లేకపోతే రసం నిలువ ఉండదు, పుట్టిన కొద్దీ చుక్క చుక్కగా పేగులోకి పోతుంది. మనిషి మామూలుగా బతుకుతాడు. నేను వెంట తెచ్చిన కొయ్య కార్జం నీ దగ్గరే ఉంచుకో. నువ్వు దాన్ని పట్టుకొని వార్డులో వాళ్లకు పాఠం చెప్తున్నావని నర్సమ్మ నాతో ఫిర్యాదు చేసింది. తొడిమె, ఆకులు అసలు మనిషికి ఉండవని వాళ్లకు చెప్పు.

ఇప్పుడు నాకు నిద్ర పట్టని సంగతి. నీ పొట్టలోంచి రబ్బరు గొట్టం వేసి ఆ రసాన్ని సీసాలోకి తీస్తున్నారు. త్వరలోనే ఆ గొట్టానికి ముడి వేస్తామని పెద్ద డాక్టరు నాతో అన్నాడు. అప్పుడు రసం తన దారిన తాను పేగులోకి దిగాలి. దిగితే రంగు వస్తుంది. రంగు రాకపోతే లోపల ఇంకో రాయి ఉన్నట్టు, మళ్లీ కోయాలి. రెండోసారికి నీ ఒంట్లో ఓపిక ఉందో లేదో చెప్పలేనన్నాడు. ఇది నీకు చెప్పకూడదని అక్క అన్నది. నీకు తెలియకుండా నీ గురించి మేము ఏదో ఒకటి అనుకోవడం ఇప్పటికే చాలా అయింది. అందుకని రాస్తున్నాను.

రంగు రాగానే ఉత్తరం రాయి. కవరైనా సరే, కార్డైనా సరే. ఖయ్యూం సాబ్ రోజూ సంచి విప్పగానే నీ చేతిరాత వెతుకుతున్నారు. నేను కిటికీ దగ్గర నిలబడి ఆయన మొఖం చూసి తిరిగి వస్తున్నాను.

నీ
రామచంద్రం


హైదరాబాదు,
9 డిసెంబరు 1961
(కార్డు)

ఖయ్యూం సాబ్‌కు సలాం. ముందు చదివేది మీరే కాబట్టి ముందు మీకే చెప్తున్నాను. దిగింది. చదివిన వెంటనే బడికి పోయి మావాడికి చెప్పండి, పాఠం నడుస్తున్నా సరే.

రామచంద్రం, ఇది కవరులో పెట్టేంత చిన్న మాట కాదు, అందుకని కార్డు. గొట్టానికి ముడి వేసినాక కొన్నాళ్లు ఏమీ లేదు. మీ అక్క అన్నం మానేసింది. ఈ పొద్దున వచ్చింది. పచ్చగా, అచ్చం మనింటి ముద్దపప్పు. నర్సమ్మ చూసి డాక్టరును పిలిచింది, ఆయన చూసి పెద్ద డాక్టరును పిలిచినాడు, ఆయన తన వెనక చదువుకునే పిల్లలందరినీ తెచ్చి చూపించినాడు. నేను జీవితంలో చేసిన ఏ పనికీ ఇంతమంది రాలేదు. మీ అక్క తలుపు దగ్గర నిలబడి వెక్కివెక్కి ఏడ్చి, ఎటో పోయింది. చూస్తే గేటు బయటినుంచి తంగేడు కొమ్మ విరుచుకొచ్చింది, నిండా పువ్వు. కొయ్య కార్జం పక్కన నిలబెట్టింది. వార్డులో చెత్త పెట్టవద్దని నర్సమ్మ తీయబోయింది. మీ అక్క ఆమె చేయి పట్టుకొని "ఉండనియ్యి బిడ్డా, గీ ఏడు మా ఇంట్ల పచ్చపువ్వు పెట్టలే" అన్నది. నర్సమ్మ పోయి గ్లాసులో నీళ్లు తెచ్చింది. కార్డు అయిపోయింది. నీ బావ.